టేపు మీద పేరు

ఇవాళ ఉత్తరాల పెట్టె కూడా దాటి రావద్దన్నారు, సరే, దాటలేదు. ట్రక్కు ముందు చక్రాన్ని ఆ పెట్టె స్తంభానికి ఆనించినంత పనిచేసి, ఇంజను ఆపేసి కూర్చున్నాడు కర్ట్ బీలర్, తను పుట్టి పెరిగిన ఇంటికి ఎదురుగా, రోడ్డు మీద, కాపలా కుక్కలాగా, కాకపోతే కుక్కనైతే చలికాలం లోపలికి రానిస్తారు. పెట్టె మీద బీలర్ అన్న పేరులో చివరి అక్షరం చిన్నప్పుడు తను రాయి విసిరితే ఊడింది, ఇప్పటికీ అలాగే ఉంది, నాన్న ఏదీ మర్చిపోడు, తుపాకులు తప్ప ఏదీ బాగుచెయ్యడు. ఆ తుపాకులన్నీ ఇవాళ ఇంట్లోంచి బయటికి పోతున్నాయి. అవి బయటికి వస్తున్నంతసేపు తను వాకిట్లోకీ రాకూడదు, పోతేగాని లోపలికి పోకూడదు. జైలుకెళ్ళొచ్చినవాడూ తుపాకీ ఒకే కప్పు కింద ఉండకూడదు, పెరోల్ ఆఫీసరు మర్యాదగానే చెప్పాడు, నువ్వు ముట్టుకోనక్కర్లేదు కర్ట్, నీ చేతికందే చోట ఉందంటే చాలు, మళ్ళీ లోపలికే, మీ నాన్న ఆఖరి రోజుల్లో ఉన్నాడని నాకు తెలుసు, అయినా. ఆ అయినా దగ్గర ఆపేశాడు పెద్దమనిషి. ఆస్పత్రివాళ్ళేమో ఇంక మా చేతిలో ఏమీ లేదు, ఇంటికి తీసుకుపొండి అన్నారు, క్యాన్సరు ఎముకల్లోకి పాకిందట, ముందు గదిలో మంచం వేశారు, ఆ మంచం మీద మనిషిని ఎత్తాలి, తిప్పాలి, తుడవాలి, అక్క మార్లాకి ఉద్యోగం, బావ డగ్‌కి నడుం నొప్పి, మిగిలింది ఎవరు, పనీపాటా లేని కర్ట్. తుపాకులా, కొడుకా అన్న ప్రశ్న వచ్చింది మెల్విన్ బీలర్‌కి, ఎనభై దగ్గర పడ్డాక. కొడుకే అన్నాడు. ఎంత ప్రేమో. తుపాకీ ఎత్తలేని చేతులొచ్చాక, తననే ఎవరో ఎత్తాల్సిన రోజొచ్చాక, కొడుకు గుర్తొచ్చాడు.

తలుపు తెరుచుకుంది, డగ్ వచ్చాడు, పాత కంబళిలో చుట్టినదాన్ని రెండు చేతుల మీదా అడ్డంగా మోసుకుంటూ, నిద్రపోయిన పిల్లని కార్లోకి తెస్తున్నట్టు. వరండా మెట్ల మీద కాలు తడబడింది. చూసుకోవయ్యా బాబూ. అది పక్కపక్కన రెండు గొట్టాలున్న షాట్‌గన్, కంబళి చివర కనిపిస్తున్న, భుజానికి ఆనే చెక్క మడమ చూసి ఇక్కణ్ణుంచే చెప్పగలడు కర్ట్, నాన్న ఒక చలికాలమంతా రంపపు మిల్లులో రెండు షిఫ్టులు చేసి కొన్నది, అమ్మ ఆ చలికాలమంతా పాత కోటుతోనే గడిపింది. డగ్‌కి ఏం తెలుసు, సెల్‌ఫోన్లు అమ్ముకునేవాడు, ఏడాదికోసారి నారింజ రంగు కోటేసుకుని అడవిలో నిలబడి ఫోటో తీయించుకుని వచ్చేస్తాడు, జింక ఎదురొస్తే దారిస్తాడు. అయినా డగ్‌కే అప్పగించారు. ఊళ్ళో ఇదే పనిగా పెట్టుకున్న లాయరు ఒకడున్నాడు, మనిషి పోయాక అతని తుపాకులు ఎవరికి పోవాలి, ఎవరికి పోకూడదు, ఏది అమ్మొచ్చు, ఏది అమ్మకూడదు, అన్నీ కలిపి ఒక ట్రస్టు కట్టిపెడతాడు. నాన్నకి ఇంటికి వీలునామా లేదు, పొలానికి లేదు, తుపాకులకి మాత్రం ఉంది, పాపం అవి దిక్కులేనివి కాకూడదు కదా. ఆ లాయరు వారసులు ఒక్కొక్కరి గురించీ అడిగాడట, ఇతని మీద నేరం ఏమైనా రుజువైందా అని. కర్ట్ పేరు దగ్గరికి వచ్చేసరికి నాన్న కిటికీలోకి చూస్తూ కూర్చున్నాడట, అవునండీ అని మార్లా చెప్పాల్సి వచ్చిందట. కిటికీలోకి చూడటమెందుకో. రుజువు చేసింది కిటికీయా ఏంటి.

ఈ కొండల్లో పిల్లలకి చావంటే ఏంటో తెలిసే ముందే ఎవరు చస్తే తమకేం వస్తుందో తెలుస్తుంది. అమ్మ పింగాణీ గిన్నెలు తిరగేస్తే ప్రతిదాని అడుగునా కాగితం టేపు ముక్క, దాని మీద ఒక పేరు, సూప్ గిన్నె మార్లాది, బీట్‌రూట్ నీళ్ళలో గుడ్లు నానబెట్టే జాడీ చిన్నమ్మది, అమ్మ బతికుండగానే అందరూ తమ తమ గిన్నెల్లో తిని కడిగి పెట్టేవాళ్ళు, ఎవరికీ తప్పనిపించలేదు. గిన్నెలు అమ్మవి, తుపాకులు నాన్నవి, పద్ధతి ఒక్కటే. పన్నెండో ఏడు వచ్చిన ఏడాది, జింకల వేట మొదలయ్యే రోజని బడికి సెలవిచ్చారు, నాన్న తెల్లారకుండానే తుపాకులన్నీ మంచం మీద పరిచాడు, అమ్మ దుప్పటికి నూనె అంటుతుందని గోల పెట్టింది, ఎంచుకోరా అన్నాడు. ఎంచుకోవడానికేముంది. కింద లీవరు లాగితే తూటా ఎక్కే తాత రైఫిల్, తాత బుగ్గ ఆనీ ఆనీ చెక్క ఒక చోట నున్నగా అరిగిపోయి, అక్కడ తన బుగ్గ ఆనిస్తే సరిగ్గా సరిపోయింది. నాన్న టేపు ముక్క చించి, నాలుక బయటపెట్టి, బడిపిల్లాడిలాగా కర్ట్ అని రాసి మడమకి అంటించి బొటనవేలితో రుద్దాడు. "నేను పోయాక ఇది నీది. అప్పటిదాకా నాది. అర్థమైందా?" "అర్థమైంది నాన్నా." ఏం అర్థమైంది, పన్నెండేళ్ళవాడికి మొదటి ముక్కే వినిపించింది, రెండోది వినిపించలేదు. అప్పట్నుంచి ఆదివారం మధ్యాహ్నాలు దాన్ని తనే తుడిచేవాడు, నాన్న పక్కన కూర్చుని, పాత చొక్కా ముక్కలతో, ఇద్దరూ గంటల తరబడి ఒక్క మాట లేకుండా, ఆ నూనె వాసన గదంతా, ఆ వాసనే నాన్న తనతో మాట్లాడిన మాటలన్నీ కలిపి. జైల్లో ఒకడు కుట్టుమిషనుకి నూనె వేస్తుంటే ఆ వాసనే వచ్చింది, కర్ట్ పని ఆపేసి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, ఏమైందిరా అంటే నడుం పట్టిందన్నాడు.

నడుమే. అంతా నడుంతోనే మొదలైంది, మిల్లులో దుంగ దొర్లి నడుం మీద పడింది, డాక్టరు మాత్రలిచ్చాడు, ఆ మాత్రలు నొప్పిని పోగొట్టి ఇంకా ఇంకా కావాలనిపించడం మొదలుపెట్టాయి, ఈ కొండల్లో సగం ఇళ్ళలో అదే కథ, కొత్తగా చెప్పుకునేదేముంది. డాక్టరు ఇవ్వడం మానేశాక బయట కొనాల్సి వచ్చింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ లేరు, తుపాకుల బీరువా తాళం ఎక్కడుంటుందో పిల్లప్పట్నుంచీ తెలుసు, చెయ్యి పెట్టింది ఒక్కదాని మీదే, అదే ఇప్పటికీ చెప్పుకుంటాడు తనకు తాను, ఇంకెవరి పేరున్నదాని జోలికీ పోలేదు, మార్లా పేరున్నదీ ముట్టుకోలేదు, నాన్న సొంతానికి ఉంచుకున్నవీ ముట్టుకోలేదు. తన పేరున్నదే తీసుకున్నాడు. నాదే కదా, ఎప్పుడో ఒకప్పుడు నాకొచ్చేదే కదా, కాస్త ముందు తీసుకుంటే ఏం పోయింది. తాకట్టు కొట్టు ముందు బండాపి టేపు గోటితో ఊడదీశాడు. అన్నేళ్ళ టేపు, ఒక పట్టాన ఊడలేదు, ముక్కలు ముక్కలుగా వచ్చింది.

నాన్న సాయంత్రం బీరువా తీశాడు, ఖాళీ చోటు చూశాడు, ఒక్కణ్ణి, ఇంట్లో ఒక్కణ్ణంటే ఒక్కణ్ణి అడగలేదు. ఫోనెత్తి పోలీసులకి చెప్పాడు, నంబరు చూసి చదవనక్కర్లేదు ఆయనకి, ప్రతి తుపాకీ మీదా చెక్కి ఉండే నంబరూ నోటికొచ్చు, పిల్లల పుట్టినరోజులు మాత్రం అమ్మ గుర్తుచెయ్యాలి. పద్ధతైన మనిషి కదా. పోయిన తుపాకీతో రేపెవడో ఎవణ్ణో కాలిస్తే తన పేరు వస్తుంది, పోయిన గంటలోనే చెప్పాలి, ఈ చుట్టుపక్కల తుపాకీ ఉన్న ఏ పద్ధతైన మనిషైనా అదే చేస్తాడు, తప్పు పట్టడానికి లేదు, అదే కడుపు మండేది, తప్పు పట్టడానికి లేకపోవడం. కొట్టువాడి దగ్గర నంబరు దొరికింది, నంబరు పక్కన కర్ట్ సంతకం దొరికింది. నాన్న పరుగెత్తుకుపోయి కేసు వద్దు అన్నాడట, ఇది ఇంక నీ కేసు కాదు బీలర్, ప్రభుత్వానిది అన్నారట. అప్పటికీ ఒక దారుంది. కోర్టులో నాన్నని నిలబెట్టి ప్రభుత్వ లాయరు ఒక్కటే అడిగాడు, ఈ తుపాకీని మీ అబ్బాయికి మీరు ఇచ్చారా అని. ఏమైంది ఇచ్చానంటే? పేరు రాసి అంటించింది తను కాదా? ఊరంతటికీ తెలీదా అది కర్ట్ తుపాకీ అని? నాన్న అటు జడ్జిని చూశాడు, ఇటు తను చెయ్యి పెట్టి ప్రమాణం చేసిన పుస్తకాన్ని చూశాడు, కర్ట్‌ని చూడలేదు. "లేదు" అన్నాడు. అంతే. అంత చిన్న మాట. మనుషుల్ని కొడతారు, తిడతారు, ఇంట్లోంచి గెంటేస్తారు, ఇలా ఒక్క మాటతో నున్నగా, నూనె రాసినట్టు, ఎవరు చేస్తారు.

మళ్ళీ తలుపు. ఈసారి రెండు, ఒకటి ఈ చంకలో, ఒకటి ఆ చంకలో. రెండూ బోల్టు రైఫిళ్ళే, లీవరుది కాదు. కర్ట్ అద్దం మీద ఆవిరి చేత్తో తుడిచి చూశాడు, ఎందుకు చూస్తున్నాడో తనకే ఒళ్ళు మండింది, ఏదైతే నీకేంట్రా, ఏది వచ్చినా డగ్ ట్రక్కులోకే కదా పోయేది. అయినా చూశాడు. కేసయ్యాక పోలీసులు దాన్ని నాన్నకి తిరిగిచ్చారు, ఆయన సొత్తు కదా, ఇచ్చినట్టు మార్లా జైలుకి వచ్చినప్పుడు చెప్పింది. తుపాకీ ముందు ఇల్లు చేరింది. కర్ట్ తర్వాత వచ్చాడు, వచ్చినా ఇల్లు చేరలేదు, ఇంట్లో అవి ఉన్నాయి కాబట్టి. బట్టలుతికే కొట్టు మీద అద్దెగది, కింద మిషన్లు రోజంతా గుడగుడమంటుంటాయి. అప్పుడే డగ్ ఇంటికి పంపించేస్తే సరిపోయేది అన్నీ, ఒక్క పూట పని, ఇదిగో ఇవాళ పట్టినంత పని. నాన్న ఒప్పుకోలేదు. నా ఇంట్లో నా తుపాకులు, నేనే తప్పూ చెయ్యలేదు, నేనెందుకు పంపించాలి. నిజమే, ఆయన ఎప్పుడు తప్పు చేశాడు. కాబట్టి పండగ భోజనం వరండాలో, గడప తొక్కనంతవరకు ఫరవాలేదన్నారు, కోటేసుకుని, మార్లా వేసిచ్చిన పళ్ళెంలో కోడి ముక్క మీద గ్రేవీ గడ్డకట్టేలోపు తినెయ్యాలి, నాన్న లోపల కిటికీ పక్క కుర్చీలో కూర్చుని తినేవాడు, మధ్యలో అద్దం, ఇద్దరూ వాతావరణం గురించి సైగలు చేసుకునేవాళ్ళు. ఇలా మూడు చలికాలాలు. కొడుకు బయట, తుపాకులు లోపల వెచ్చగా.

మార్లా వస్తోంది, చేతిలో కాఫీ, చెప్పుల్లోనే మంచులో నడుచుకుంటూ. కిటికీ దించాడు.

"కాళ్ళు కొంకర్లు పోయుంటాయి. తాగు."

"ఇంకా ఎంతసేపు?"

"కింద గదిలో రెండున్నాయి, అయిపోయినట్టే."

"ఏమంటున్నాడు?"

"ఏమంటాడు, డగ్‌ని తిడుతున్నాడు. గొట్టం కిందకి పట్టు, గోడకి తగిలిస్తావా సన్నాసీ అని. లేవలేడు గానీ నోరు మాత్రం లేస్తోంది." నవ్వబోయి మానేసింది. "నిన్నడిగాడు."

"ఏమని?"

"వాడు తిని వచ్చాడా అని."

కర్ట్ కాఫీలోకి చూశాడు. "తిన్నానని చెప్పు. నువ్వే చెప్పు, నేను ఉత్తరాల పెట్టె దాటకూడదు కదా."

"పొద్దున్నే మొదలెట్టకురా," అంది మార్లా అలసటగా. "నాకు పనికి టైమవుతోంది. నీకు మందులు ఎప్పుడేవి వెయ్యాలో చూపించి వెళ్ళిపోవాలి. రేపు పొద్దున మీ ఆఫీసరు వచ్చి ఇల్లంతా చూస్తాడట, డగ్‌కి ఫోన్ చేశాడు. ఇవాళొక్క రోజు నోరు మూసుకుని లోపలికి రా, చాలు." తిరిగి వెళ్తుంటే వెనక నుంచి అచ్చు అమ్మలాగే ఉంది, అదే వంగిన భుజం, కర్ట్ పిలవబోయి కిటికీ ఎక్కించేశాడు, మళ్ళీ కోపం వచ్చింది, కోపమే నయం, వెచ్చగా ఉంటుంది.

ఆఖరికి డగ్ ట్రక్కు వెనక్కి వచ్చి రోడ్డెక్కి, కిటికీకి కిటికీ ఆనేలా ఆగింది. డగ్ మొహం ఎర్రబడి ఉంది, నడుం పట్టుకున్నాడు. "అయిపోయాయి. లాయరుకి సంతకం పెట్టేశాను, ఇంట్లో ఒక్కటీ లేదని. వెళ్ళు, నీకోసమే చూస్తున్నాడు."

"తాత రైఫిల్?" నోరు జారింది. ఆ మాట రాకూడదనుకున్నాడు.

డగ్ స్టీరింగు వైపు చూశాడు. "దాన్నెప్పుడో అమ్మేశానన్నాడు కర్ట్. లాయరు దగ్గర కూడా అదే చెప్పాడు."

అమ్మేశాడు. మంచిది. నేనమ్మితే జైలు, ఆయనమ్మితే ఆయనిష్టం. కర్ట్ ఇంజను స్టార్టు చేసి ఉత్తరాల పెట్టె దాటాడు, చక్రాల కింద కంకర పాత చప్పుడే చేసింది. వరండాలో పళ్ళెం పట్టుకుని నిలబడే చోటు దాటాడు. తలుపు తోశాడు, ఇన్నేళ్ళ తర్వాత. వేడి మొహానికి కొట్టింది, దాని వెనకే మందుల వాసన, దాని వెనకే ఆ నూనె వాసన, బీరువా తలుపులు బార్లా తీసున్నాయి, లోపల ఆకుపచ్చ గుడ్డ మీద తుపాకులు ఆనిన చోట్లన్నీ వెలిసిపోకుండా ముదురుగా మిగిలాయి. మార్లా మాత్రల డబ్బాలు చూపించింది, తమ్ముడి చెయ్యి ఒకసారి నొక్కి వదిలేసి వెళ్ళిపోయింది. మంచం మీద ఉన్నది నాన్నేనా, ఆ దవడ నాన్నదే, మిగతాదంతా ఎవరో చిన్న ముసలాయన.

"తలుపెయ్యి. చలి," అన్నాడు. "మార్లా కారు పోయిందా?"

"పోయింది."

"డగ్గు?"

"వాడూ పోయాడు నాన్నా. ఏంటి, నీళ్ళు కావాలా?"

నాన్న వణికే చేత్తో దుప్పటి అంచు పట్టుకున్నాడు, ఒక పట్టాన పైకి రాలేదు, కర్ట్ సాయం చెయ్యబోతే వద్దన్నట్టు తలూపాడు, తనే లాగాడు. పక్కన, తొడకి ఆనుకుని, ఎముకలు పైకి తేలిన కాలంత పొడుగునా, తాత రైఫిల్. లీవరు మెరుస్తోంది. అరిగిన చెక్క మీద కొత్త టేపు ముక్క, దాని మీద వంకరటింకరగా, పిల్లాడి రాతలాగా, కర్ట్. ఈ చేతులతో ఎంతసేపు రాసి ఉంటాడు. మార్లా, డగ్ ఇల్లంతా తిరుగుతుంటే ఎలా దాచి ఉంటాడు. తూటా ఒక్కటీ లేకపోయినా ఎంత బరువు, దాన్ని పక్కలో పెట్టుకుని పొద్దుట్నుంచీ కదలకుండా పడుకున్నాడు.

"ఇది మాత్రం ఎవరికీ ఇవ్వలేదు," అన్నాడు నాన్న. "అమ్మానని అబద్ధం చెప్పాను. లాయరుకి కూడా." మెల్విన్ బీలర్ అబద్ధం చెప్పాడు, ఇప్పుడు, జడ్జి లేనప్పుడు. "నేను పోయాక అనేది లేదు. ఇది నీది. ఇస్తున్నాను. తీసుకో."

కర్ట్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని ఉన్నాడు. ఎప్పుడు పెట్టుకున్నాడో తెలీదు, జైల్లో నేర్పిన అలవాటు. బుగ్గ ఆ చెక్కని అడుగుతోంది. గదిలో తను, తుపాకీ, ఒకే కప్పు, రేపు పొద్దున ఆఫీసరు, ఇదిగో ఈ మంచం పక్కన నిలబడి దుప్పటి ఎత్తమంటాడు. నన్ను లోపలికి రానివ్వడానికి అన్నీ పంపించేసి, నన్ను మళ్ళీ లోపలికి పంపేది ఒక్కటి ఉంచుకున్నావా నాన్నా. ఆ రోజు ఒక్క మాట అడిగితే ఇవ్వలేదు. ఆ మాట ఇప్పుడిస్తున్నావు, ఎవరూ వినకుండా, ఎవరికీ పనికిరాకుండా. ఇన్నేళ్ళుగా దేనికోసం కాచుకున్నాడో అది ఎదురుగా ఉంది, ఏడుపు ముంచుకొచ్చింది, దాని వెనకే అసహ్యం. ఉంచుకుంటే నాన్నని ఎవరు తుడుస్తారు. తీసుకెళ్ళి అడవిలో దాస్తే ముట్టుకున్నట్టే. చూడనట్టు ఊరుకుంటే రేపటిదాకానే.

"నేను ముట్టుకోకూడదు నాన్నా."

"ఎవరు చూస్తారు?"

కర్ట్ వెనక్కి వెనక్కి నడిచి తలుపు తీసుకుని వరండాలోకి వెళ్ళి, పండగ భోజనాలు తిన్న చోటే నిలబడి డగ్‌కి ఫోన్ చేశాడు. "వెనక్కి రా. ఇంకొకటుంది." డగ్ వచ్చేదాకా లోపలికి పోలేదు, కోటు లోపలే వదిలేశాడు, వణుకుతూనే నిలబడ్డాడు. కిటికీ అద్దంలోంచి చూశాడు, నాన్న దుప్పటి మళ్ళీ కప్పుకుని పైకప్పు వైపు చూస్తున్నాడు, ఇద్దరికీ మధ్య మళ్ళీ అదే అద్దం.

డగ్ రైఫిల్ ఎత్తాడు, గొట్టం కిందకే పట్టుకున్నాడు ఈసారి. టేపు మీద పేరు చూశాడు. తలుపు దగ్గరికి వచ్చి ఆగాడు, గట్టిగానే అడిగాడు, అడగక తప్పదు, సంతకం పెట్టినవాడు తను. "కర్ట్, నిజం చెప్పు. దీన్ని నీకిచ్చాడా?"

లోపల మంచం కిర్రుమంది. నాన్న తల ఇటు తిరిగింది. వింటున్నాడు.

"లేదు," అన్నాడు కర్ట్.

డగ్ ట్రక్కు పోయిన చప్పుడు ఆగాక లోపలికి వచ్చాడు. నాన్న గోడ వైపు తిరిగి ఉన్నాడు. పక్క మీద రైఫిల్ ఉన్న చోట పొడుగ్గా నూనె మరక, దుప్పటి మార్చాలి, తుడవాలి, మందు వెయ్యాలి, దానికే కదా పిలిపించారు. కర్ట్ ఉతికిన దుప్పటి తెచ్చి, పాతది మెల్లగా లాగాడు. రాలేదు. నాన్న ఆ మరక ఉన్న అంచుని రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు.